పదింటి కిటికీ

డాక్టర్ మురహరికి వచ్చిన కష్టం చిన్నదే. అతను రాసిన పరిశోధన వ్యాసం బాగుంది. చదివినవాళ్లందరూ బాగుందన్నారు. ఒక్క ఖైరున్నీసా మేడమ్ మాత్రం ఏమీ అనలేదు.

ఆమె పేరు లేకుండా ఆ వ్యాసాన్ని పంపడం అతనికి ఇష్టం లేదు. పంపితే ఎవరూ అడ్డుపడరు. కానీ కీళ్లవాతం గురించి అతనికి తెలిసినదంతా ఆమె పక్కన నిలబడి నేర్చుకున్నదే. గురువు పేరు లేని విద్య లోకంలోకి ఎట్లా పోతుంది?

హనుమకొండలో ఒక పాత ధర్మాసుపత్రి అది. ఖైరున్నీసా అక్కడ చేరిన రోజుల్లో కీళ్లవాతానికి వైద్యమంటే నొప్పి గోలీలు, వేడి కాపడం, "ఓర్చుకోవాలమ్మా" అనే మాట. వేళ్లు వంకరపోయి, మణికట్టు కదలకుండా అయ్యాక గానీ అసలు మందు ఇచ్చేవారు కాదు. అది ఘాటు మందు, తొందరపడకూడదు అని పెద్ద డాక్టర్ల అభిప్రాయం. ఆమె కాదన్నది. వాదించకుండా రోగుల వెంట ఏళ్ల తరబడి తిరిగింది. జబ్బు పుట్టిన కొత్తలోనే వారానికోసారి ఆ మాత్ర వేయిస్తే, చేతులు చేతుల్లాగే మిగులుతాయని ఒక్కొక్క మనిషినీ చూపించి నిరూపించింది. మొదట్లో నవ్వినవాళ్లే తర్వాత తమ రోగులకు అదే రాసిచ్చారు.

ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఇప్పటికీ నాట్లేస్తున్న చేతులు, రొట్టెలు కొడుతున్న చేతులు ఎన్నో ఆమె నిలబెట్టినవే. ఆమె ఏవో వ్యాసాలు రాసిందని వాళ్లెవరికీ తెలియదు. కీళ్ల డాక్టరమ్మ అంటారు, అంతే.

ఆమె మాట పొదుపు. పాఠం చెప్పమంటే రోగిని ముందు కూర్చోబెట్టేది. నొప్పి ఎక్కడ అని అడిగేది కాదు. "పొద్దుటి నుంచి ఏమేం పని చేసినవమ్మా?" అని అడిగేది. ఆ మనిషి చెప్పుకుంటూ పోయేది. తల దువ్వుకోలేదని, బిందె ఎత్తబోతే జారిందని, పక్కింటామె జాకెట్టు గుండీలు పెట్టిందని. శిష్యులు పక్కన నిలబడి వినాలి. విన్నవాడికి పాఠం అబ్బేది.

మురహరికి అబ్బింది. చురుకైనవాడు, కష్టపడేవాడు. మేడమ్ ఒక్కతే ఎంతమందిని చూడగలదు అనుకున్నాడు. ఆమె చేతిలో ఉన్నదాన్ని ఒక పద్ధతిగా మారిస్తే, పెద్ద డాక్టరు లేని ఊళ్లో కూడా అది నడవాలి అనుకున్నాడు. శిక్షణ ఇచ్చిన నర్సు, ఒక రక్తపరీక్ష, నెలకు సరిపడా మాత్రలు. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. అట్లా ఒక కార్యక్రమం మొదలుపెట్టాడు.

దానికి గట్టి నియమాలు పెట్టాడు. వారానికోసారి ఉదయం ఎనిమిదింటికి రోగులకు చిట్టీలిచ్చే కిటికీ తెరవాలి. పదింటికి మూయాలి. అందరి కీళ్లనూ ఒకే పూట చూడాలి, అందరి రక్తమూ ఒకే పూట తీయాలి. అప్పుడే ఒకరితో ఒకరిని పోల్చడానికి వీలవుతుంది. పదింటి తర్వాత ఎవరొచ్చినా మళ్లీ వారం రావలసిందే.

"ఒక్కరికి సడలిస్తే పదిమందికి సడలించాలి. అప్పుడది పరిశోధన కాదు, జాతర," అని నర్సులతో అనేవాడు. నర్సులు కూడా అతని మాట దాటేవారు కారు. పదయిందంటే కిటికీ రెక్క పడేది.

ఏడాదిన్నర గడిచింది. లెక్క తేలింది. కార్యక్రమం చివరిదాకా ఉన్నవాళ్లలో పదిమందికి ఎనిమిది మంది బాగుపడ్డారు. పెద్ద నగరాల్లో, ఖరీదైన ఆసుపత్రుల్లో కూడా అంత మంచి ఫలితం అరుదు. హైదరాబాదు నుంచి అధికారులు వచ్చి చూసి వెళ్లారు. వ్యాసం అచ్చయితే చాలు, ఇదే పద్ధతి, ఇవే నియమాలు అన్ని జిల్లాల్లోనూ పెట్టిస్తామన్నారు. ఢిల్లీలో జరిగే సభలో చదవమని పిలుపు వచ్చింది.

మురహరి వ్యాసం తీసుకెళ్లి మేడమ్ చేతికిచ్చాడు.

ఆమె అక్కడే కూర్చుని మొదటినుంచి చివరిదాకా చదివింది. కళ్లజోడు సర్దుకుని ఒకచోట ఆగింది.

"మధ్యల మానేసినోళ్లు అని రాసినవ్. వీళ్లెవరు బేటా?"

"రావడం మానేసినవాళ్లు మేడమ్. పదిమందిలో ముగ్గురు. ఏ అధ్యయనంలోనైనా ఉంటారు. వాళ్లను ఎట్లా లెక్కకట్టాలో దానికీ పద్ధతి ఉంది, అదే వాడాను."

"వాళ్లతోటి మాట్లాడినవా?"

"ఫోన్లు చేయించాను. కొన్ని నంబర్లు పనిచేయలేదు. కొందరు వస్తామన్నారు, రాలేదు. నొప్పి పోయాక ఎవరొస్తారు మేడమ్? మనవాళ్ల సంగతి మీకు తెలియనిదా?"

"అట్లనా," అంది ఆమె. కాగితాలు మడిచి సొరుగులో పెట్టుకుంది.

వారం గడిచింది. రోజూ పొద్దున ఆమె గది ముందు నుంచి వెళ్లేటప్పుడు మురహరి నడక నెమ్మదించేది. పిలుస్తుందేమోనని. ఆమె పిలవలేదు. ఎదురుపడితే "భోంచేసినవా?" అని అడిగేది. ఢిల్లీ సభకు వ్యాసం పంపాల్సిన గడువు దగ్గరపడుతోంది.

పెద్దావిడ, చూపు ఆనడం లేదేమో, నిదానంగా మళ్లీ చదువుతోంది అనుకున్నాడు మొదట. తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది. తనకు ఇరవై ఏళ్లు పట్టిన పేరు శిష్యుడికి ఏడాదిన్నరలో వస్తుంటే, ఆమెకు ఎట్లా ఉంటుంది? ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడ్డాడు. సిగ్గుపడ్డా అది పోలేదు. అన్నం తింటుంటే వచ్చేది, స్కూటర్ మీద పోతుంటే వచ్చేది.

చివరికి ఉండబట్టలేక ఆమె గదిలోకి వెళ్లాడు.

"మేడమ్, వ్యాసంలో తప్పుంటే చెప్పండి. దిద్దుకుంటాను."

"లెక్కల తప్పేం లేదు."

"మరి?"

ఆమె అతని ముఖంలోకి చూసింది. కోపం లేదు, నవ్వూ లేదు.

"రేపు పొద్దున నాతోటి ఒక ఊరికొస్తవా?"

"రేపు మన కార్యక్రమం రోజు మేడమ్. నేను ఇక్కడ ఉండాలి."

"నువ్వు లేకున్నా నర్సులు నడిపిస్తరని రాసినవ్ గదా బేటా."

మురహరి తలూపాడు.

మరునాడు తెల్లవారకముందే ఆమె పాత కారులో బయల్దేరారు. ఆమే నడిపింది. ఊరు దాటాక రోడ్డుకు రెండు పక్కలా మొక్కజొన్న చేలు, వాటి మీద పల్చటి మంచు. మురహరి రెండు మూడుసార్లు వ్యాసం మాట ఎత్తబోయాడు. ఆమె రోడ్డు మీది గుంతలు చూసుకుంటూ ఊ అన్నదే తప్ప మాట కలపలేదు. 

రాళ్లచెలిమ అనే ఊరు చేరేసరికి అప్పుడే పొద్దు పొడుస్తోంది. బస్సాగే చోట కారు నిలిపి, ఆమె ఒక సందులోకి దారి తీసింది. రెండిళ్ల అవతల పెంకుటిల్లు. ముందు రెండు రాతిమెట్లు. తలుపు మూసి ఉంది.

"ఎవరిల్లు మేడమ్?"

"సోమనర్సమ్మ. బడిల పిల్లలకు వంట చేస్తది. మొగడు లారీ డ్రైవరు, నెలల సగం రోజులు బయటనే. ఆమెను మొదటిపారి చూసింది నేనే. తర్వాత నీకు అప్పజెప్పిన."

మురహరికి ఆ పేరు గుర్తు రాలేదు. మానేసినవాళ్లలో ఉండి ఉంటుంది అనుకున్నాడు.

ఖైరున్నీసా తలుపు మీద వేలితో మెల్లగా తట్టింది.

"ఎవలూ?" లోపలి నుంచి ఆడగొంతు.

"నేనమ్మా. హనుమకొండ ఆసుపత్రి డాక్టరమ్మను."



"అయ్యో, డాక్టరమ్మా... వస్తున్న. జెర ఆగున్రి."

ఆగారు.

మంచం కిర్రుమంది. తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. మళ్లీ మంచం కిర్రుమంది. మురహరి చెవి పెట్టి విన్నాడు. నేల మీద కాళ్లు ఈడుస్తున్న చప్పుడు. కొంచెం వచ్చి ఆగింది. మళ్లీ కొంచెం వచ్చి ఆగింది. ఏదో గిన్నె తగిలి దొర్లింది. లోపలి మనిషి అమ్మా అని గొణుక్కుంది.

ఖైరున్నీసా కొంగు సర్దుకుని రాతిమెట్టు మీద కూర్చుంది.

మురహరి నిలబడే ఉన్నాడు. చేతిగడియారం చూసుకున్నాడు. ఈ పాటికి ఆసుపత్రిలో వరస మొదలై ఉంటుంది. తలుపు దగ్గర గడియ కదిలిన చప్పుడైంది. కొంచెం జరిగి ఆగిపోయింది. ఇంకొంచెం జరిగింది. ఆగిపోయింది. తలుపవతల ఊపిరి తీస్తున్న చప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది.

అతను తలుపు మీద చెయ్యి వేయబోయాడు.

"నేను నెడతాను మేడమ్. పాత గడియ, ఒక్క తోపు తోస్తే ఊడొస్తుంది."

ఖైరున్నీసా అతని మణికట్టు పట్టుకుంది. గట్టిగా కాదు.

"వస్తున్న అన్నది గదా," అంది.

అతను చెయ్యి తీశాడు. ఏం చెయ్యాలో తోచక ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాడు.

ఎదురింటామె చీపురు పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. వీళ్లను చూసి, "పొద్దుగాల ఆమెతోని గాదు సారూ. జెర ఎండ పొడిసినంక తీస్తది," అని చెప్పి ఊడ్చుకోసాగింది. వాకిలి ఊడవడం అయింది. నీళ్లు చల్లడం అయింది. ముగ్గు వేయడం కూడా అయింది. తలుపు తెరుచుకోలేదు.

సందు చివర బస్సు వచ్చి ఆగింది. హనుమకొండ బస్సు. పాల క్యాన్లు ఎక్కించారు, కాలేజీ పిల్లలు నలుగురు ఎక్కారు. కండక్టరు "రైట్" అన్నాడు. బస్సు దుమ్ము లేపుకుంటూ పోయింది.

మురహరి ఆ దుమ్ము అణిగేదాకా అటే చూశాడు. పదింటిలోగా ఆసుపత్రికి చేర్చే బస్సు ఆ ఊరికి అదొక్కటే. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. ఏ ఊరి నుంచి ఎంతమంది వస్తారో లెక్క వేసినప్పుడు ఆ బస్సుల వేళలన్నీ అతను చూసినవే.

ఖైరున్నీసా బస్సు వైపు చూడలేదు. చేతిసంచిలోంచి నీళ్ల సీసా తీసి రెండు గుక్కలు తాగి అతనికిచ్చింది.

ఎండ మెట్ల మీదికి వచ్చింది. అప్పుడు గడియ పూర్తిగా జరిగింది.

సోమనర్సమ్మకు నలభై అయిదు దాటి ఉండవు. జుట్టు చెదిరి ఉంది. గడియకు ఒక గుడ్డపేలిక ముడివేసి ఉంది. దాన్ని మోచేతి మడతలో ఇరికించుకుని, ఒళ్లంతా వెనక్కి వేసి లాగినట్టుంది. మోచేతి దగ్గర ఎర్రగా కమిలింది. వేళ్లు సగం ముడుచుకుని అట్లాగే ఉండిపోయాయి. దండం పెట్టబోయి ఆ చేతులు కలవక, గడ్డం దగ్గరికి తెచ్చి ఆపుకుంది.

"డాక్టరమ్మను వాకిట్ల కూసోబెడితి," అంది తల దించుకుని. "రాత్రి గడియ బెట్టకుంటే భయమాయె. మాపు బెట్టేటప్పుడు ఏం గాదు. పొద్దుగాల తీసేటప్పుడే గిట్లయితది."

"మేమే ముందుగ వచ్చినం. నువ్వు కూసో," అంది ఖైరున్నీసా.

ఆమె కూర్చోలేదు. చాయ్ పెడతానంది. మురహరి వద్దనబోయాడు. మేడమ్ అప్పటికే, "పెట్టమ్మా, తాగి పోతం. పాలు నేను పోస్త," అంటూ ఆమె వెంట పొయ్యి దగ్గరికి నడిచింది. ఇద్దరూ కలిసి చాయ్ పెట్టారు. అది కాగుతుండగా సోమనర్సమ్మ రెండు చేతులూ గిన్నె మీద ఆవిరికి పట్టుకుంది. వేళ్లు కొంచెం కొంచెంగా విచ్చుకున్నాయి.

మురహరికి గ్లాసు ఇచ్చేటప్పుడు రెండు అరచేతుల మధ్య ఒత్తిపట్టి ఇచ్చింది. అతను లేచి నిలబడి అందుకున్నాడు.

"మాత్రలు ఎందుకు మానేశారమ్మా?" అని అడిగాడు. నర్సులతో మాట్లాడే గొంతు కాదది. అది అతనికే కొత్తగా వినిపించింది.

"నేనెందుకు మానుత సారూ? మంచిగనే పనిచేసినయ్. అయిపోయినయ్."

"అయిపోతే మళ్లీ రావాలి కదా."

"వచ్చిన. తొలి బస్సు నాకు అందది. రెండో బస్సుకొస్తే చిట్టీలు బందైనయ్ అన్నరు. వారం తర్వాత రమ్మన్నరు. మల్లొక్కపారి ఆటో మాట్లాడుకొని వచ్చిన. దిగి, నడిచి, కిటికీ కాడికి పొయ్యేవరకు రెక్క మూస్తుండ్రు. ఆ నర్సు బిడ్డను బతిలాడిన. సారు ఊకోడు అన్నది. ఆమెదేం తప్పు లేదు సారూ, ఆమెకు చెప్పింది ఆమె చేస్తది."

మురహరి చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"వచ్చిన రోజులు మీరు నా చేతులు చూసి మంచిగున్నయ్ అనేటోళ్లు," అంది ఆమె. ఫిర్యాదు కాదు, గుర్తు చేసుకుంటున్నట్టే అంది. "మంచిగున్న రోజే వస్తి గదా. మంచిగలేని రోజు లేవనే లేవకపోతి. పొద్దు వాలినంక చూడున్రి, నా చేతులు నాయే అన్నట్టు ఉంటయ్. గప్పుడైతే ఏ ఊరికైనా పోత. గప్పుడు మీరుండరాయె."

ఖైరున్నీసా చాయ్ ముగించి గ్లాసు కడిగి బోర్లించింది. సంచిలోంచి నెలకు సరిపడా మాత్రలు తీసి, ఎట్లా వేసుకోవాలో మళ్లీ చెప్పి, రక్తపరీక్షకు కొంచెం రక్తం తీసుకుంది. సూది గుచ్చేటప్పుడు ఆ చేతిని తన ఒళ్లో పెట్టుకుంది.

తిరుగు దారి పట్టారు. మొక్కజొన్న చేల మీద మంచు ఆరిపోయింది. హనుమకొండ పొలిమేరలోకి వచ్చాక మురహరి అడిగాడు.

"ఇట్లాంటివాళ్లు ఎంతమంది ఉంటారు మేడమ్?"

"నాకేం తెలుసు బేటా?"

ఆమె ముందున్న ఎడ్లబండిని దాటించి, మళ్లీ అంది:

"పరిశోధన నీది గదా."

ఆ రోజు సాయంత్రం అతను ఢిల్లీకి ఉత్తరం రాసి, వ్యాసం ఇప్పుడే పంపలేనన్నాడు. రాయడానికి కూర్చున్నవాడు రెండుసార్లు లేచి తిరిగాడు. అంత సులువుగా ఏమీ రాయలేదు. పంపేశాక కూడా కొంతసేపు, ఆ ఉత్తరం వెనక్కి తీసుకోవచ్చా అని ఆలోచించాడు.

తర్వాతి నెలల్లో సెలవు దొరికిన రోజల్లా మురహరి ఊళ్లు పట్టుకుని తిరిగాడు. రావడం మానేసిన ఒక్కొక్కరి ఇల్లూ వెతుక్కుంటూ పొద్దున్నే వెళ్లేవాడు. అతను అనుకున్నట్టు నిజంగానే నయమై మానేసినవాళ్లు కొందరు ఉన్నారు. ఒకాయన తాటిచెట్టు మీద నుంచే "మంచిగున్న సారూ, కిందికి దిగమంటవా?" అని అడిగాడు. ఒక కుటుంబం బతుకుదెరువుకు భీవండి వెళ్లిపోయింది. ఒకామె ఎవరో ఇచ్చిన, స్టెరాయిడ్ కలిపిన తెల్లపొడి నెలల తరబడి మింగి ముఖమంతా ఉబ్బి కూర్చుంది. ఆ పొడితో నొప్పి మాయమైందని, దేవుడిలాంటి మనిషి ఇచ్చాడని చెప్పింది. ఆమెకు నచ్చజెప్పి మందు మార్పించడానికి అతను నాలుగుసార్లు వెళ్లవలసి వచ్చింది.

మిగిలినవాళ్ల ఇళ్లకు వెళ్లినప్పుడు తలుపు ముందు కూర్చోవడం అలవాటైంది. కొందరి తలుపులు తొందరగానే తెరుచుకునేవి. కొందరివి తెరుచుకునేసరికి అతని వీపు మీది చొక్కా ఎండకు కాలేది.

ఆసుపత్రిలో కిటికీ వేళ మార్చాలన్నాడు. పొద్దున వద్దు, మధ్యాహ్నం రెండింటి నుంచి పొద్దుపోయేదాకా అన్నాడు. అంతా గందరగోళమైంది. రక్తపరీక్షలు చేసే మనిషి మధ్యాహ్నమే వెళ్లిపోతాడు. నర్సుల పిల్లలు బడి నుంచి ఆ వేళకే ఇంటికొస్తారు. అప్పటిదాకా పద్ధతి గురించి అంత గట్టిగా చెప్పిన మనిషి ఇప్పుడిట్లా అంటాడేమిటని ఆసుపత్రి పెద్దలకు చిరాకేసింది. మురహరి ఒక్కొక్కరినీ బతిమాలాడు. రక్తం తీసి చల్లపెట్టెలో ఉంచితే మరునాడు పొద్దున పరీక్ష చేయొచ్చని రెండు నెలలు చేసి చూపించాడు. నర్సులు వంతులు వేసుకున్నారు. అతనికి వంతు లేదు, ప్రతిసారీ అతనే.

హైదరాబాదు అధికారులు మళ్లీ వచ్చారు. లెక్కలు ఇంకా తేలలేదా అన్నారు. మొదటి లెక్కలే బాగున్నాయి కదా, అవే పంపండి, తర్వాత సవరించుకోవచ్చు అన్నారు. అప్పుడు మురహరి వాళ్లను మధ్యాహ్నం దాకా ఉండమన్నాడు. వాళ్లకు వేరే పనులున్నాయి. ఉండలేదు. ఆ తర్వాత ఫోన్లు తగ్గాయి. ఢిల్లీ సభ జరిగిపోయింది. అతని స్థానంలో ఇంకెవరో మాట్లాడారు.

ఇంత జరుగుతున్నా ఖైరున్నీసా మెచ్చుకోలేదు, ఓదార్చలేదు. ఒక సాయంత్రం మాత్రం వచ్చి వరండాలో, వరసలో ఉన్న ఆడవాళ్ల మధ్య బల్ల మీద కూర్చుంది. డాక్టరమ్మ అని ఒకరిద్దరు లేవబోతే చేత్తో వారించింది. కాసేపు వాళ్లతో వడియాల గురించీ, చలి గురించీ మాట్లాడి వెళ్లిపోయింది.

మరో ఏడాది గడిచాక లెక్క మళ్లీ తేలింది. ఈసారి రావడం మానేసినవాళ్లు దాదాపు లేరు. అందరినీ, మొదటినుంచి వచ్చినవాళ్లనూ, తలుపుల వెనక నుంచి తెచ్చుకున్నవాళ్లనూ కలిపి లెక్క వేశాడు. పదిమందిలో ఆరుగురు బాగుపడ్డారు. ఒకటికి మూడుసార్లు చూశాడు. ఆరుగురే.

మంచి ఫలితమే. కానీ ఎనిమిదిని చూసిన కళ్లకు ఆరు చిన్నగా కనిపించింది. వ్యాసం ఇప్పుడు ఎవరైనా వేసుకుంటారా, వేసుకున్నా ఎవరైనా చదువుతారా అని దిగులు పట్టుకుంది. అధికారులు చదివితే, పద్ధతి చెడిందనుకుంటారు. పద్ధతి అదే, మందు అదే, మారింది ఒక్క వేళే; పదింటిలోగా రాలేనివాళ్లు కూడా ఇప్పుడు లెక్కలోకి వచ్చారు. ఆ సంగతి పట్టికలో ఎక్కడ రాయాలి?

సాయంత్రం అయిదు దాటింది. వరండా నిండా మనుషులు. మురహరి ఇద్దరు రోగుల మధ్య దొరికిన కొంచెం సమయంలో, కొత్త వ్యాసం పట్టుకుని మేడమ్ గదిలోకి వెళ్లాడు. ఆమె కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఒక పాత సంచికేదో చదువుకుంటోంది.

కాగితాలు ఆమెకివ్వకుండా చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. ఎట్లా మొదలుపెట్టాలో తెలియలేదు.

"తగ్గింది మేడమ్," అన్నాడు చివరికి.

ఆమె తలెత్తి కళ్లజోడు తీసింది.

"ఎవరికి?"

మురహరి నోరు తెరిచాడు. ఎనిమిది అనీ, ఆరు అనీ ఏదో చెప్పబోయాడు. బయట వరండాలో ఎవరో కొంచెం జరగమ్మా అంటున్నారు, ఇంకెవరో నవ్వుతున్నారు. అతను ఆ నవ్వు విన్నాడు.

తర్వాత కాగితాలు ఆమె బల్ల మీద పెట్టి, తరువాతి మనిషిని పిలవడానికి బయటికి నడిచాడు.